ఆరూ నలభైకీ ఏడూ అయిదుకీ మధ్య

మా అబ్బాయి శామ్ మరణం గురించి నేను తయారుచేసిన నివేదిక పదకొండు పేజీలు. దానికి నాలుగు అనుబంధాలు. ఆరు వారాలు శ్రమించి రాసిన ఆ నివేదిక చివరి పేజీలో రెండు సంతకాలకు చోటు విడిచాను. ఒకటి నాది, రెండవది నా భార్య ఎలీసమ్మది. నేను నా సంతకం చేశాను. ఆమె చేయలేదు.

నేను రైల్వేలో ముప్ఫై ఆరేళ్ళు పనిచేశాను. అందులో చివరి ఇరవై రెండేళ్ళు భద్రతా విభాగం కార్యాలయంలో. నా హోదాను ఖరగ్‌పూర్‌లో ఎవరూ కాగితం మీద ఉన్నట్టు పలకరు, పెద్ద గుమాస్తా అనే అర్థంలో బడాబాబు అంటారు. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే విచారణ సంఘం కూర్చుంటుంది. పాయింట్స్‌మన్లు, గ్యాంగ్‌మన్లు వచ్చి తెలుగులోనో, బెంగాలీలోనో, ఒడియాలోనో తాము చూసినది చెబుతారు. వారు చెప్పినదానిని ఇంగ్లీషు వాక్యాలుగా మార్చి, క్రమం కల్పించి, కింద వారి సంతకమో వేలిముద్రో తీసుకోవడం నా పని. ఎనభై ఒక్క నివేదికలు నా చేతి మీదుగా వెళ్ళాయి. ఒక్కటి కూడా భాష బాగా లేదని వెనక్కు రాలేదు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు, రికార్డులో ఉన్నది.

శామ్ పోయినది నిరుడు ఫిబ్రవరిలో. వయసు ముప్ఫై ఏడు. వర్క్‌షాపులో చక్రాల విభాగంలో టెక్నీషియను. పెళ్ళి కాలేదు, మాతోనే పూరీ గేట్ దగ్గరి ఇంట్లో ఉండేవాడు. గుండెపోటు.

ఆ తరువాత పద్నాలుగు నెలలు ఎలీసమ్మ నాకు అన్నం పెట్టింది, బట్టలు ఆరవేసింది, ఆదివారం నా పక్కన నడిచి గుడికి వచ్చింది. ఆ ఉదయం గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టనూ లేదు. తిడితే సమాధానం చెప్పుకునేవాడిని. నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె అడగలేదు.

మొన్న ఏప్రిల్‌లో ఆమె ప్రేమ్ బజార్‌కు వెళ్ళడం మొదలుపెట్టింది. రైల్వే పాఠశాలలో తెలుగు టీచరుగా పనిచేసి విరమించిన మీనాకుమారి అనే ఆవిడ, కరోనా రోజుల్లో భర్త పోయిన తరువాత, అక్కడ స్టేషనరీ దుకాణం పైగదిలో శనివారం సాయంత్రాలు ఒక గోష్ఠి నడుపుతున్నది. తక్కిన రోజుల్లో అది ట్యూషన్ గది. అయినవారిని పోగొట్టుకున్నవారు పది పన్నెండుమంది అక్కడ చేరతారు. పోయినవారి గురించి ఎవరికి తోచినది వారు రాసుకోవాలి. చదవాలనిపిస్తే చదవవచ్చు. ఇంకొకరు దానిని దిద్దకూడదు, బాగుందనీ బాగులేదనీ అనకూడదు. రాయలేనివారు చెబితే పక్కవారు రాసిపెడతారు. నియమాలు ఇంతే.

రాస్తే దుఃఖం దిగుతుందట. ఆ సిద్ధాంతం నాకు పిల్లతనంగా తోచింది. అయితే మొదటి శనివారం తరువాత ఎలీసమ్మ చేసిన చారులో ఉప్పు సరిగ్గా పడింది. పద్నాలుగు నెలల్లో అది మొదటిసారి. అందువల్ల రెండవ శనివారం నేనూ వెళ్ళాను.

ఏడుపును కాగితం మీదకు ఎక్కించడం నాకు చేతకాదు. జరిగినదానికి క్రమం కల్పించడం చేతనవును. క్రమం ఏర్పడితే మనసు నిలుస్తుందని నా వృత్తి నాకు నేర్పింది. కాబట్టి విచారణ నివేదిక పద్ధతిలో రాశాను. సంఘటన, స్థలం, సమయాలు, సాక్షులు, పరిశీలనలు, నిర్ధారణ. డాక్టరు ధ్రువపత్రం అనుబంధం రెండు. వర్క్‌షాపులో సగం రాసి ఉండిపోయిన సిక్ మెమో అనుబంధం మూడు. నిర్ధారణ ఇది: మరణ కారణం ఆకస్మిక హృద్రోగము. బాధ్యులు ఎవరూ లేరు.

ఆ రోజు ఇంట్లో శామ్ కాక ఉన్నది మేమిద్దరమే. ఇద్దరు సాక్షులలో ఒకరి సంతకం లేని నివేదిక ఏ అధికారి బల్ల మీదకూ పోదు. నా మనసులో ఉన్నది ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆమె సంతకం పడితే ఆ ఉదయం అంతటితో ముగుస్తుందని నా ఆశ.

మొదట అడిగినప్పుడు ఆమె వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది.

“ఏటిది?” అంది.

“శామ్ గురించిన నివేదిక. ఇక్కడ నీ సంతకం కావాలి.”

“ఇంగ్లీసులో ఉంది కదండీ.”

“నివేదికలు ఇంగ్లీషులోనే రాస్తారు.”

“ఎవరికి పంపుతారు?”

“ఎవరికీ పంపేది కాదు. ఇంట్లోనే ఉంటుంది.”

“ఇంట్లో ఉండేదానికి ఇంగ్లీసెందుకు? ఇంట్లో ఇంగ్లీసొచ్చినోడు మీరొక్కరే కదా.” కాయ ఈనె తీస్తూ నా కాగితం వంక చూసింది. “తర్వాత సూద్దాం. సేతులు తడిగా ఉన్నాయి.”

ఆమె చేతులు పొడిగానే ఉన్నాయి.

సంతకం లేకుండానే ఆ శనివారం నివేదికలోని మొదటి రెండు పేజీలను తెలుగు చేసి గోష్ఠిలో చదివాను. గంట, నిమిషం, దూరం, అన్నీ ఖచ్చితంగా ఉన్నాయి. అంతకుముందు చదివినవారు ఏడ్చారు. నేను చదివినప్పుడు ఎవరూ ఏడవలేదు. దానిని నేను నా రచనకు దక్కిన గౌరవంగానే తీసుకున్నాను.

మీనాకుమారి కళ్ళజోడు సర్దుకుని, “చాలా క్రమంగా ఉందండీ దావీదుగారూ,” అంది. తరువాత ఒక క్షణం ఆగి, “శామ్ ఎలా నవ్వేవాడు? అది ఇందులో రాలేదు,” అంది.

“అది విచారణ పరిధిలోకి రాదు,” అన్నాను.

నా తరువాత వంతు మూలన కూర్చున్న ఒక పెద్దమనిషిది. పేరు నూకరాజు. యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి విరమించినవాడు. భార్య చిలకమ్మ పోయి ఏడాది అయింది. అతడు మూడు వారాలుగా వస్తున్నాడు, వింటున్నాడు, వెళుతున్నాడు.

“నాకు సదువు రాదు దీదీ,” అన్నాడు మీనాకుమారితో. “ఎవరైనా రాస్తే సెప్తాను.”

నేను కలం మూత తీశాను. “చెప్పు నూకరాజూ, నేను రాస్తాను.”

అతడు నా వంక చూశాడు. తన ముందున్న తెల్ల కాగితం మీద అరచెయ్యి పెట్టి మూశాడు.

“వద్దు బడాబాబూ. తమరు ఓపాలి రాసినారు.”

“నేనా? ఎప్పుడు?”

“తొంబై ఎనిమిదిలో. గూడ్స్ యార్డులో రెండు వేగన్లు పట్టాలు దిగిపోనాయి కదా. పాయింటు కాడ దీపం ఎలగట్లేదని మేస్త్రీకి ముందే సెప్పినానని తమరి ముందర నిలబడి సెప్పినాను. తమరు గబగబా రాసినారు. ఇక్కడ ఎయ్యి అన్నారు. ఏసినాను.”

“ఏమని రాసి ఉంది?”

“దీపం నేనే సూసుకోలేదని ఉందట. యూనియను రాజ్ కిరణ్ సదివి సెప్పినాడు. అప్పటికే కాయితం ఎల్లిపోనాది.” అతడు పళ్ళు లేని నోటితో నవ్వాడు. “ఇంగ్లీసు మాత్రం శానా బాగుందన్నాడు బాబూ. అబద్ధమెందుకు ఆడాల!”

గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎలీసమ్మ నవ్వలేదు. నా వంక చూసింది.

“ఒడిశా వైపు ఓ స్టేషనుకి ఏసినారు, రెండేళ్ళు,” అన్నాడు నూకరాజు, ఈసారి మీనాకుమారి వైపు తిరిగి. “బోరింగు కూడా లేదక్కడ. సిలకమ్మ ఇక్కడే పిల్లలతో ఉండిపోనాది. ఇప్పుడు ఆవిడ పోయినాక సూడండి దీదీ, కలిసున్న ముప్పై ఏళ్ళు గుర్తుకి రావు. లేని రెండేళ్ళే వస్తన్నాయి. అది రాయండి.”

ఆ కేసు నాకు లీలగా గుర్తుకు వచ్చింది. మేస్త్రీ పేరు చేరిస్తే సూపర్‌వైజరు పేరు చేర్చవలసి వస్తుంది, సూపర్‌వైజరు పేరు చేరిస్తే అంతకు పైవాడిది. అలాంటి నివేదికను పైవారు అంగీకరించరు. అంగీకరించదగిన నివేదిక తయారు చేయడమే నాకు అప్పగించిన పని. నేను లేనిది కల్పించలేదు. అక్కరలేనిది తీసివేశాను.

“విచారణకు అవసరమైనంత వరకే రాశాను,” అన్నాను.

“అవును బాబూ,” అన్నాడు నూకరాజు, ఏమాత్రం కోపం లేకుండా. “తమకి అవసరమైనంత వరకే.”

మీనాకుమారి అతడు చెప్పినది చెప్పినట్టే రాసింది. నేను కలానికి మూత పెట్టాను.

తిరుగు ప్రయాణంలో టోటో అనే బ్యాటరీ ఆటోలో ఎలీసమ్మ పూరీ గేట్ వరకు రోడ్డు వంక చూస్తూ వచ్చింది. దిగి, కొంగు సర్దుకుని, “ఆ కాయితం నాకు సదివి ఇనిపించండి,” అంది. “మొత్తం. తెలుగులో. అప్పుడు సూద్దాం సంతకం సంగతి.”

ఆమె అడిగినది న్యాయమే. సాక్షికి తెలిసిన భాషలో చదివి వినిపించి, అర్థం చెప్పి, ఆ తరువాతే సంతకం తీసుకోవాలన్నది నియమం. ‘చదివి వినిపించడమైనది’ అనే వాక్యం ప్రతి వాఙ్మూలం కిందా నేనే టైపు చేయించేవాడిని. నిజానికి ఎంతమందికి చదివి వినిపించాను అన్నది ఎక్కడా నమోదు కాలేదు.

మరునాడు గుడి నుంచి వచ్చి, భోజనం అయిన తరువాత, ముందుగదిలో కూర్చున్నాము. ఫ్యాను తిరుగుతున్నది. నేను ఒక్కొక్క వాక్యమే తెలుగు చేస్తూ చదివాను. ఇంటి చిరునామా, శామ్ పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ వరకు ఆమె తల ఊపుతూ విన్నది.

“ఉదయం ఆరు గంటల నలభై నిమిషములకు శామ్ తనకు ఛాతీయందును ఎడమ భుజమునందును నొప్పి కలదని తెలిపెను.”

“తెలిపినాడా?” అంది ఎలీసమ్మ. “గోడ పట్టుకుని నిలబడినాడు.”

“తగిన సలహా ఇవ్వబడెను.”

“ఎవరిచ్చినారు?”

నేను తరువాతి వాక్యానికి వెళ్ళాను. “ఏడు గంటల అయిదు నిమిషములకు వర్క్‌షాపునకు సైకిలుపై బయలుదేరెను.”

“ఆగండి,” అంది. “ఆరూ నలభైకి నొప్పన్నాడు. ఏడూ అయిదుకి ఎల్లినాడు. మధ్యలో ఏటయింది?”

“చెప్పాను కదా. సలహా...”

“ఇరవై అయిదు నిమిషాలు సలహాయేనా?”

ఇక్కడ సిక్ మెమో సంగతి చెప్పాలి. రైల్వే ఉద్యోగికి ఒంట్లో బాగోకపోతే ముందుగా తన విభాగానికి వెళ్ళి సెలవు దరఖాస్తు ఇవ్వాలి, సిక్ మెమో రాయించుకోవాలి, దానితో రైల్వే ఆసుపత్రికి వెళ్ళాలి. మెమో లేకపోతే హాజరు పట్టీలో గైర్హాజరు పడుతుంది. అంతకుముందు ఏడాది శామ్ జ్వరంతో మూడు రోజులు మెమో తీసుకోకుండా ఇంట్లో పడుకున్నాడు. వాడికి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఒకప్పుడు నా కింద గుమాస్తాగా పనిచేసినవాడి బల్ల ముందు నిలబడి, మా అబ్బాయికి నియమాలు తెలియవు, ఈసారికి మన్నించమని అడిగాను. వాడు నాకు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, పదే పదే ‘సార్’ అన్నాడు. ఆ టీ రుచి నా నోటిలో నుంచి ఇంతవరకు పోలేదు.

ప్రాణం మీదకు వచ్చినప్పుడు ముందు ఆసుపత్రి, తరువాత మెమో. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఎదుటివారికి ఎన్నోసార్లు నేనే చెప్పాను.

“కలం తియ్యండి,” అంది ఎలీసమ్మ. “ఇంకో కాయితం తియ్యండి. నేను సెప్తాను. తెలుగులో రాయండి. నా మాటలే రాయాల.”

తీశాను. ఆమె గోడ వంక చూస్తూ చెప్పింది.

“శామ్ ఆసుపత్రికి ఎల్తానన్నాడు. నేను టోటో పిలుస్తానన్నాను. నువ్వు వద్దన్నావు.”

నా కలం ఆగింది. పెళ్ళయి నలభై మూడేళ్ళు. ఆమె నోట నన్ను ఉద్దేశించి ఆ ఏకవచనం ఎన్నడూ రాలేదు.

“రాయి,” అంది. “‘మెమో లేకుండా ఎల్లి మళ్ళీ నా పరువు తీస్తావా’ అన్నావు. వాడు కుర్చీలో కూకున్నాడు. సెమటకి బనీను తడిసిపోనాది. ‘సెలవు సీటీ ఇక్కడే రాసి పట్టుకెల్లు, అక్కడ తప్పులు రాస్తావు’ అన్నావు. వాడు రాసినాడు. సెయ్యి ఒణుకుతుంటే రాత వంకరపోనాది. నువ్వు సూసి, ‘ఇది అధికారికి ఇచ్చే కాయితమేనా’ అన్నావు. సింపేసినావు. మళ్ళీ రాయమన్నావు. వాడు మళ్ళీ రాసినాడు. రాసి, మడత పెట్టి, జేబులో ఎట్టుకుని, సైకిలెక్కి ఎల్లినాడు. అక్కడోళ్ళు మెమో రాస్తుండగానే పడిపోనాడు.”

అంతటితో ఆపింది. నేను రాయడం ముగించాను. నా దస్తూరీ ఎప్పటిలాగే నిటారుగా ఉంది.

“సదవండి,” అంది. మళ్ళీ ‘అండి’ వచ్చింది. తిరిగి వచ్చిన ఆ మర్యాద పోయిన మర్యాద కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

నేను చదివాను. ఆ తరువాత ఆమె కాగితం తీసుకుని, వరుస కింద వేలు జరుపుతూ తానే ఒకసారి చదివింది. ఏడవ తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినది. కింద పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. కాగితం నా వైపు తిప్పింది.

“ఇప్పుడు మీరెయ్యండి.”

“ఇది చిత్తు ప్రతి,” అన్నాను. “శుభ్రంగా తిరగరాసి, అప్పుడు చేస్తాను.”

“మళ్ళీ రాస్తారా?” అంది. అని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చిత్తు ప్రతిని తనతో తీసుకువెళ్ళింది. నాకు ప్రతి అక్కరలేదు. ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చేశాయి.

ఆ వారంలో నాలుగు శుద్ధ ప్రతులు తయారు చేశాను. మొదటి దానిలో ‘వద్దన్నావు’ అన్నది ‘తొందరపడవద్దని సూచించారు’ అయింది. రెండవ దానిలో సంజాయిషీ నోటీసు పూర్వాపరాలు ఒక పేరాగా చేరాయి. సందర్భం తెలియకుండా చదివేవారు అపార్థం చేసుకుంటారు కనుక. మూడవ దానిలో చెమట పోయింది. ఆ నెలలో ఉదయం చలిగానే ఉంటుంది, చెమట పట్టిందన్నది సాక్షి జ్ఞాపకలోపం కావచ్చునని నాకు అనిపించింది. నాలుగవ దానిలో చించిన కాగితం లేదు. ‘దరఖాస్తును సరిచూసుకొన్న పిదప బయలుదేరెను’ అని ఉంది. ప్రతి ఒక్కటీ అంతకుముందు దాని కన్నా మంచి తెలుగు.

ఇవన్నీ నేను తెలిసి చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. బల్ల ముందు కూర్చున్నప్పుడు ప్రతి మార్పూ న్యాయంగానే కనిపించింది. ముప్ఫై ఆరేళ్ళు అలాగే కనిపించింది.

శుక్రవారం ఉదయం నాలుగవ ప్రతిని ఆమెకు ఇచ్చాను. పొయ్యి మీద పాలు ఉన్నాయి. సెగ తగ్గించి, నిలబడే చదివింది. తొందరపడలేదు.

“ఈయనెవరో శానా మంచోడండీ,” అంది కాగితం తిరిగి ఇస్తూ. “శామ్ నాన్న కాదు.”

నేను కాగితం అందుకున్నాను.

“రేపు నా కాయితమే సదువుతాను అక్కడ,” అంది. “వస్తే రండి. రాకపోతే ఇస్త్రీ బట్టలు తెచ్చి పెట్టండి.”

శనివారం మధ్యాహ్నం ఇస్త్రీ బట్టలు తెచ్చి పెట్టి, ఆ తరువాత వెళ్ళాను. ఒకే టోటోలో వెళ్ళాము. నా జేబులో ఒక పేజీ వివరణ ఉంది. నియమం ప్రకారం ఎవరూ వ్యాఖ్యానించకూడదు. అయితే అభియోగానికి గురైనవాడికి తన మాట చెప్పుకునే హక్కు ఏ విచారణలోనైనా ఉంటుంది. అవసరమైతే ఆ హక్కును వినియోగించుకుందామని నా ఉద్దేశం.

తక్కినవారు కూర్చునే చదువుతారు. ఎలీసమ్మ లేచి నిలబడింది. కాగితం రెండు చేతులతో పట్టుకుని, ప్రార్థన చదివినట్టు కాక, ఉత్తరం చదివినట్టు చదివింది. ఎక్కడా గొంతు పెంచలేదు. ‘నువ్వు వద్దన్నావు’ అన్నచోట నా వంక చూడలేదు. ‘సింపేసినావు’ అన్నచోట మీనాకుమారి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కింద దుకాణంలో ఎవరో కుర్రవాళ్ళు జిరాక్సు కోసం బెంగాలీలో తగువు పడుతున్నారు. గదిలో ఉన్నవారందరూ ఆ తగువునే శ్రద్ధగా విన్నారు. ఒక్కరు కూడా నన్ను చూడకపోవడానికి ఎంత ప్రయత్నం కావాలో నాకు తెలుసు. ఎన్నో విచారణల్లో తప్పు తేలినవాడి ఎదుట నేను అలా ఫైలు వంక చూస్తూ కూర్చున్నాను.

ఆమె చదవడం ముగించి కూర్చుంది.

“దావీదుగారూ,” అంది మీనాకుమారి, చాలా మెల్లగా. “మీరేమీ చెప్పనక్కరలేదు. చెప్పాలనుకుంటే...”

జేబులో చెయ్యి పెట్టాను. వివరణ కాగితం వేళ్ళకు తగిలింది. దానిలో ఏమి ఉన్నదో నాకు అక్షరం అక్షరం తెలుసు. నియమాలు, నోటీసు, ఒక తండ్రి ఆందోళన. అన్నీ నిజాలే. ఎలీసమ్మ కాగితంలో ఉన్నదానిని అవి ఒక్క ముక్క కూడా కాదనలేవు. వాటిని వినిపించి నేను కూర్చుంటే ఈ గది నా తెలుగును మెచ్చుకుంటుంది. ఆమె నాతో ఆ ఉదయం గురించి ఇక ఎన్నటికీ మాట్లాడదు.

కలం మాత్రమే తీశాను.

“ఆ కాగితం ఇలా ఇవ్వు,” అన్నాను.

నేను దిద్దుతానని ఎలీసమ్మ అనుకుంది. కాగితం ఒక అంచు నాకు అందించి, రెండో అంచు వదలలేదు.

“సంతకం,” అన్నాను.

అప్పుడు వదిలింది. ఆమె పేరు పక్కన నా పేరు రాశాను. అలవాటు కొద్దీ కింద హోదా రాయబోయి, ఆపి, తేదీ మాత్రం వేశాను.

మూల నుంచి నూకరాజు గొంతు వినిపించింది. “సదివే ఏసినారా బడాబాబూ?”

“చదివే వేశాను నూకరాజూ.”

“అయితే నా కన్నా తమరే నయం.”

ఎవరూ నవ్వలేదు. అతడూ నవ్వలేదు. నేను అతడితో ఇంకొక మాట అనవలసి ఉంది. తొంభై ఎనిమిదిది. అది నా నోట రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఈ రచన ఉద్దేశం కనుక అదీ చెబుతున్నాను. రాస్తే దుఃఖం దిగుతుందని మీనాకుమారి చెప్పినది నా విషయంలో నిజం కాలేదన్నది కూడా. ఇంతకుముందు నా దగ్గర బాధ్యులు లేని ఒక మరణం ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

గోష్ఠి ముగిసి కిందికి దిగాము. ప్రేమ్ బజార్ రోడ్డు నిండా సైకిళ్ళు, ఎగ్ రోల్ దుకాణం ముందు గుంపు. టోటో కోసం ఒక పక్కగా నిలబడ్డాము. ఎలీసమ్మ కాగితాన్ని నాలుగు మడతలు చేసి చేతి సంచిలో పెట్టింది. జిప్పు వేసింది. మళ్ళీ తీసి, కాగితం ఉన్నదో లేదో చూసి, మళ్ళీ వేసింది.

“ఒకటి రాయలేదు నేను,” అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

“సింపిన సప్పుడు వంటింట్లోకి ఇనపడింది. శామ్ వచ్చి, ‘అమ్మా, ఇంకో తెల్ల కాయితం ఉందా’ అన్నాడు. సెమటలు కారుతున్నాయి వాడికి. నేను సూసినాను.” ఆమె రోడ్డు వంక చూస్తూనే ఉంది. “బీరువా మీదనుంచి తీసి నేనే ఇచ్చినాను. కింద అట్ట కూడా ఎట్టి ఇచ్చినాను, రాత బాగా వస్తాదని.”

ఒక టోటో నిండా విద్యార్థులతో మా ముందు నుంచి వెళ్ళిపోయింది.

“మీ మీద రాయడం సులువే అయింది,” అంది. “మరి ఇది ఎవరు రాస్తారు?”

నేను రాస్తానని అనలేదు. నీ తప్పేమీ లేదని కూడా అనలేదు. అలాంటి వాక్యాలు నాకు ఎంత బాగా వచ్చునో ఆమెకు తెలుసు. ఇంకొక టోటో వచ్చి ఆగింది. ఎదురెదురు సీట్లు. ఆమె ఎక్కి నా పక్కన కాక, నాకు ఎదురుగా కూర్చుంది. ఆరిన కళ్ళతో నన్ను చూస్తూ కూర్చుంది. చూపు తిప్పుకుందామంటే ఆ ఇరుకులో నాకు వేరే దిక్కు లేకపోయింది.